వసారా కప్పు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తరువాత మన ఆఫీసు ఇంటి ముందు వసారాయే కదా! ఉదయం పేపరు, సాయంత్రం మనవలు, మధ్యలో పడక కుర్చీ. ఆ వసారా కప్పు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కొల్లేటి లంకల్లో మా పెద్దలు తాటాకు వేసేవారు. ఆకు పాడవుతుందని తెలుసు గనుక కొన్నేళ్లకోసారి విప్పి కొత్త ఆకు కప్పించేవారు. ఇనుప రేకులు వచ్చాక ఆ శ్రద్ధ పోయింది. రేకు వేశాం, ఇక చింత లేదనుకున్నాం. ఏలూరులో నేనూ అంతే.

1990 మే 9న మచిలీపట్నం ప్రాంతంలో తుపాను తీరం దాటింది. ఆ రాత్రి మా నాన్నగారు వసారాలో కూర్చుని గాలి చూస్తున్నారు. అమ్మ భోజనానికి పిలిస్తే లోపలికి వచ్చారు. కంచం ముందు కూర్చున్నారో లేదో, పెద్ద చప్పుడు! రెండు రేకులు లేచిపోయాయి, మూడోది ఆయన కుర్చీ మీద పడింది.

తెల్లవారి చూస్తే రేకులు బాగానే ఉన్నాయి. వాటిని పట్టుకున్న హుక్కు బోల్టులు తుప్పుపట్టి తెగాయి. రేకుల ధర బేరమాడిన నేను, బోల్టుల వంక ఏళ్ల తరబడి తలెత్తి చూడలేదు. నాన్నగారు కొత్త కుర్చీ అడగలేదు. "ముందు కప్పు చూడరా" అన్నారు, అంతే.

గాలి కప్పును కిందికి తొక్కదు, పైకి లేపుతుంది. వసారాకు గోడలుండవు గనుక గాలి కిందనుంచి కూడా ఎత్తుతుంది. అంచులు, మూలలు ముందు లేస్తాయి. అందుచేత ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, తిరిగి అక్టోబరుకు ముందు ఒకసారి బోల్టులు, వాషర్లు చూపించండి. తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడు పూయించి, పైన రంగు వేయించండి. ఆకులు పేరుకుంటే తడి నిలిచి రేకు తినేస్తుంది. మన నల్లరేగడి ఎండకు బీటలిచ్చి, వానకు ఉబ్బుతుంది. స్తంభాలు ఒరిగాయేమో చూడండి.

ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులున్నవారు వాటిని కోయవద్దు, గీకవద్దు. ఆ ధూళి క్యాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాటిపై కాలు పెడితే పగిలిపోతాయి కూడా.

చివరి మాట. తాడేపల్లిగూడెంలో మా బావగారు డెబ్బయ్యో ఏట ఆకులు ఊడ్వడానికి తామే నిచ్చెనెక్కి, జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. కూలి డబ్బు మిగలలేదు సరికదా, ఆరు నెలలు అక్కయ్యకు నిద్ర లేదు. మనం కింద నిలబడి చూపిద్దాం, ఎక్కేవారిని ఎక్కనిద్దాం.