అయస్కాంతం చూపే దారి

ఎమ్మారై అనగానే మన రామచంద్రపురం వాళ్లకి కాకినాడో రాజమండ్రో వెళ్లి తీయించుకొచ్చే ఫిల్మే గుర్తొస్తుంది. ఆ యంత్రం ఇప్పుడు డాక్టరు చేతికి దారి కూడా చూపిస్తోంది. 1994లో బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో రెండు పెద్ద అయస్కాంత చక్రాల మధ్య సర్జన్ నిలబడి, తెర మీద బొమ్మ చూస్తూ పని చేసే ఏర్పాటు మొదలైంది.

వణుకు జబ్బు సంగతి చూడండి. కాఫీ గ్లాసు పట్టుకుంటే సగం ఒలికిపోతుంది. మందులకు లొంగనివాళ్లకి, పుర్రె కోయకుండానే, వెయ్యికి పైగా అల్ట్రాసౌండ్ కిరణాలను మెదడులో ఒక్క చుక్క మీదకి పంపిస్తారు. అక్కడ వేడి ఎంత పుట్టిందో ఎమ్మారై అప్పటికప్పుడు చెబుతుంది. రోగి మెలకువగానే ఉంటాడు. మధ్యమధ్యలో కాగితం మీద చుట్టలు గీయిస్తారు. గీత వంకర తగ్గిందంటే గురి కుదిరినట్టే. అమెరికాలో దీనికి 2016లో అనుమతి వచ్చింది. ఖర్చు మాత్రం మామూలు కుటుంబం మోసేది కాదు.

ఎక్స్‌రేలా రేడియేషన్ లేదు కానీ, అయస్కాంతంతో ఆటలు వద్దు. ఎమ్మారై గదిలో డాక్టర్లు సూదులు కూడా అయస్కాంతానికి అంటుకోని టైటానియంలాంటి లోహంతో చేసినవే వాడతారు. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లిన మనిషి ప్రాణమే పోయింది. ఒంట్లో పేస్‌మేకర్, క్లిప్పు, ఇనుప ముక్క ఏదున్నా ముందే చెప్పండి. జడపిన్నుతో సహా అన్నీ తీసేశాకే లోపలికి వెళ్లండి.