చేను ఇక్కడ, సంతకం హైదరాబాద్‌లో

(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ సభలో కూర్చున్నవాళ్లను ఒకసారి చూడండి. సగానికి పైగా ఆడవాళ్లు. మిగతావాళ్లలో నెరిసిన తలలే ఎక్కువ. మన ఊళ్లూ ఇలాగే ఉన్నాయి.

2001 నుంచి 2011 లోపు అప్పటి ఉమ్మడి రాష్ట్ర జనాభా 11 శాతం పెరిగింది. శ్రీకాకుళం జిల్లాలో 6.5 శాతం, విజయనగరంలో 4.2 శాతమే. కాన్పులు తగ్గిన మాట నిజమే, కానీ అదొక్కటే కారణం కాదు. 2011 లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లున్నారు. ఆరేళ్ల లోపు పిల్లల్లో మాత్రం మగపిల్లలే ఎక్కువ. మరి పెద్దయ్యాక వాళ్లంతా ఏమయ్యారు? మీ ఇంట్లోనే అడిగి చూడండి.

మన తాతలు రంగూన్ వెళ్లారు. ఇప్పుడు విశాఖ, హైదరాబాద్, చెన్నై. మత్స్యకారులైతే గుజరాత్‌లోని వేరావల్ దాకా. 2018లో అక్కడి బోట్లలో పనిచేస్తున్న మనవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంటే, 2020 జనవరికి గానీ ఇళ్లు చేరలేదు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేలమంది వేరావల్‌లోనే చిక్కుకుపోయారు.

వంశధార, నాగావళి పారుతున్నా మెట్టకు వానే దిక్కు. నూర్పులయ్యాక కుర్రాడికి ఊళ్లో ఏం పనుంది? వెళ్లినవాణ్ని తప్పు పట్టడానికి నేను రాలేదు.

వాడు వదిలి వెళ్లిన చేను ఎవరు చేస్తున్నారన్నదే నా ప్రశ్న. భార్య చేస్తోంది, లేదంటే పక్కింటివాళ్లు కౌలుకు చేస్తున్నారు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తామంది. అయితే భూయజమాని సంతకం పెట్టాలట! ఆ యజమాని హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటుకు కాపలా కాస్తున్నాడు. ఒక్క సంతకానికి రెండు రోజుల జీతం పోగొట్టుకుని వస్తాడా? వచ్చినా, ‘సంతకం పెడితే భూమి పోద్ది’ అని చెప్పేవాళ్లు ఊళ్లో ఉండనే ఉన్నారు. ఇక భార్య సంగతి. సొంత చేను కాబట్టి ఆమె కౌలుదారు కాదు, పాసుపుస్తకం మామగారి పేరునో మొగుడి పేరునో ఉంది కాబట్టి రైతూ కాదు. బ్యాంకుకు వెళ్తే ‘మీ ఆయన్ని రమ్మను’ అంటారు. దమ్ము చేయించింది ఆమె, ఊడ్పులు చేసింది ఆమె, తుపానుకు పంట పోతే ఏడ్చేదీ ఆమే.

యజమాని సంతకంతో పనిలేకుండా, సాగు చేస్తున్నది ఎవరో గ్రామసభలో తేల్చి కార్డు ఇవ్వాలి. పాసుపుస్తకంలో భార్య పేరు కూడా చేర్చాలి. ఇవే మనం అడుగుతున్నవి.

ఈ నెలలో ప్రతి ఊళ్లో ఒక జాబితా రాయండి: చేను ఎవరిది, సాగు ఎవరిది, పాసుపుస్తకం ఎవరి పేరున, యజమాని ఎక్కడున్నాడు. రాయడం రానివాళ్లు బడిపిల్లల చేత రాయించండి. అవన్నీ పట్టుకుని ఒక సోమవారం కలెక్టరు గ్రీవెన్సుకు పోదాం.