ఏ.పి. క్రెడిట్లు - ఇంజనీరింగ్ చదువు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో పిల్లల చదువుల గురించి ఏదైనా చెప్పమని నిర్వాహకులు అడిగారు. మనలో చాలామంది మనవలు, మేనల్లుళ్లు అక్కడ హైస్కూల్లో ఉన్నారు కాబట్టి ఏ.పి. పరీక్షల సంగతి చెబుతాను. ఏ.పి. అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజ్ బోర్డు అనే సంస్థ 1950ల నుంచి నడుపుతోంది. హైస్కూల్లోనే కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠం చదివి, మే నెలలో పరీక్ష రాస్తారు. మార్కు 1 నుంచి 5 దాకా. మంచి మార్కు వస్తే చాలా విశ్వవిద్యాలయాలు ఆ కోర్సు చదివినట్లే లెక్కగట్టి క్రెడిట్లు ఇస్తాయి.

మన దగ్గర డిప్లొమా పిల్లలు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏట చేరతారు కదా, అలాంటిదే అనుకుంటారు. కాదు. ఇక్కడ ఏడాది మొత్తం దాటరు, ఒక్కో కోర్సే దాటుతారు. ఏది దాటవచ్చో ఒక్కో విశ్వవిద్యాలయం తన ఇష్టప్రకారం నిర్ణయిస్తుంది. ఒకచోట 3 వస్తే చాలు, మరోచోట 5 కావాలి. కాల్‌టెక్ అయితే ఏ.పి.కి అసలు క్రెడిట్ ఇవ్వదు.

ఇంజనీరింగ్‌కు వెళ్లే పిల్లలకు ముఖ్యమైనవి కాల్‌క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. కాల్‌క్యులస్‌లో ఏ.బి. ఒక సెమిస్టర్ పాఠం, బి.సి. దాదాపు రెండు సెమిస్టర్లది. ఫిజిక్స్ దగ్గరే చాలామంది తల్లిదండ్రులు తికమకపడతారు. ఫిజిక్స్ 1, 2 అనేవి బీజగణితంతో చెప్పేవి. ఇంజనీరింగ్‌కు సాధారణంగా లెక్కలోకి వచ్చేది కాల్‌క్యులస్‌తో చెప్పే ఫిజిక్స్ సి. ఈ తేడా పదకొండో తరగతికి ముందే తెలియాలి.

మా మేనల్లుడి సంగతి చెబుతాను. మెకానికల్‌లో చేరే నాటికి వాడి చేతిలో 31 క్రెడిట్లున్నాయి. డిగ్రీకి కావలసినవి 128. మా చెల్లెలు మూడేళ్లలో అయిపోతుందని, ఏడాది ఫీజు మిగులుతుందని లెక్కవేసుకుంది. ఫీజుకు అప్పు తెచ్చిన ఇల్లు, అలా ఆశపడడంలో తప్పేముంది? కానీ ఆ 31లో సైకాలజీ లాంటివి డిగ్రీలో దేనికీ అతకలేదు. అంతకన్నా పెద్ద అడ్డంకి కోర్సుల వరుస. స్టాటిక్స్ అయితేగాని డైనమిక్స్ లేదు, అవి కాకుండా మెషీన్ డిజైన్ లేదు, ఆఖరున రెండు సెమిస్టర్ల ప్రాజెక్టు. ఎన్ని క్రెడిట్లు తెచ్చినా ఆ వరుస మాత్రం కుదించుకోదు. సలహాదారు కాగితం మీద గీసి చూపిస్తే మూడున్నరేళ్లకు తక్కువ రాలేదు.

రెండో ప్రశ్న, నేరుగా కాల్‌క్యులస్ 3లో కూర్చోవాలా? వాడు నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, బి.సి.లో 4 వచ్చింది కానీ సిరీస్ లెక్కలు గుర్తులేవు" అన్నాడు. ఆ విశ్వవిద్యాలయం కాల్‌క్యులస్ 2 పాత ప్రశ్నపత్రం తెచ్చుకుని, పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని రాయమన్నాను. సగం కూడా రాలేదు. కాల్‌క్యులస్ 1 క్రెడిట్ ఉంచుకుని, 2 మళ్లీ చదివాడు. ఉచితంగా వచ్చినదాన్ని వదులుకుని మళ్లీ డబ్బు కట్టడమేమిటని మా చెల్లెలు నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ కోపం న్యాయమైనదే. పరీక్ష రుసుము 100 డాలర్ల చుట్టుపక్కల, కోర్సు ఫీజు అంతకు ఎన్నో రెట్లు.

మిగిలిన క్రెడిట్లు వృథా పోలేదు. ఇంగ్లీషు, చరిత్ర, కెమిస్ట్రీ తప్పాయి కనుక ఒక్కో సెమిస్టర్లో భారం తగ్గింది. చాలాచోట్ల క్రెడిట్లు ఎక్కువున్నవారికి ముందుగా కోర్సులు ఎంచుకునే వీలుంటుంది, వీడికీ అది పనికొచ్చింది. మధ్యలో ఒక సెమిస్టర్ ఫ్యాక్టరీలో జీతంతో పనిచేసి కూడా నాలుగేళ్లకే పట్టా తీసుకున్నాడు. ఆ జీతం మా చెల్లెలి అప్పులో కొంత తీర్చింది.

మీ ఇళ్లలో పిల్లలుంటే, చేరబోయే ఇంజనీరింగ్ విభాగం క్రెడిట్ పట్టికను, నాలుగేళ్ల కోర్సుల పటాన్ని పక్కపక్కన పెట్టుకుని చూడండి. కంప్యూటర్ సైన్స్ ఏ సంగతి కూడా అడగండి. ఆ పరీక్ష జావాలో ఉంటుంది, మీ పిల్లల కాలేజీ మరో భాషలో మొదలుపెట్టవచ్చు. మిగతా సందేహాలు భోజనాల దగ్గర మాట్లాడుకుందాం, మాస్టారు అప్పుడే గడియారం చూస్తున్నారు.