రోడ్డు ఆరు వరుసలైతే పొలానికి బాట ఏది?

(జాతీయ రహదారి వెంట ఉన్న గ్రామాల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సమావేశం పదింటికి అనుకున్నాం, పదకొండున్నరకు మొదలైంది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. రోడ్డు గురించి మాట్లాడుకోవడానికి బయల్దేరిన వాళ్ళను రోడ్డే ఆపింది.

ముందుగా ఒక మాట తేటతెల్లంగా చెప్పాలి. మనం రోడ్డుకు వ్యతిరేకం కాదు. నల్లగొండ బత్తాయి ఎక్కడికి పోవాలన్నా, మిర్యాలగూడ మిల్లులకు వడ్లు చేరాలన్నా లారీకి మంచి రోడ్డు కావాలి. ఆపదొస్తే హైదరాబాద్ దవాఖానకు పోయేదీ ఈ రోడ్డు మీదనే. మన పేచీ రోడ్డు వెడల్పుతో కాదు. రోడ్డు నక్ష గీసేటప్పుడు పొడవునా పోయే బండ్లను లెక్కపెడుతున్నారు. అడ్డంగా దాటే మనుషులను, పశువులను, ట్రాక్టర్లను లెక్కపెట్టడం లేదు. మన పేచీ అంతా దానితోనే.

ఈ 65వ నంబరు జాతీయ రహదారి ఒకప్పటి తొమ్మిదో నంబరు రోడ్డు. మల్కాపూర్ నుంచి నందిగామ దాకా సుమారు 181 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేశారు. 2012 చివరికి పని అయింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర టోల్ గేట్లు పెట్టారు. హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయేవాళ్ళకు ప్రయాణం తగ్గింది, సంతోషం. మరి మనకేమైంది? ఊరు ఒక పక్కన, చెల్కలు ఒక పక్కన పడ్డాయి. బాయి ఇటు, మడి అటు. పొద్దున పాలకేంద్రానికి క్యాన్ పట్టుకుని పోయే ఆడబిడ్డ నాలుగు వరుసలు దాటాలి. మేకల కాపరి మందను తోలుకుని దాటాలి. యూటర్న్ చాలా దూరంలో ఉంటే, ట్రాక్టర్ నడిపేవాడు అంత డీజిల్ ఎందుకని అంచు వెంబడి ఎదురు దారిలో వస్తాడు. ప్రమాదం జరిగితే రాంగ్ రూట్లో వచ్చాడని కాగితం రాస్తారు. సరైన రూటు ఒకటి వానికి ఇచ్చారా అని మాత్రం ఎవరూ రాయరు.

తర్వాత ఇదే రోడ్డు మీద ప్రమాదాలు మళ్ళీ మళ్ళీ జరిగే 17 స్థలాలను గుర్తించారు. బ్లాక్ స్పాట్లు అన్నారు. చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల, టేకుమట్ల... ఆ పేర్లు ఒకసారి చదవండి. ఒకటి అంగడి ఊరు, ఒకటి ఊళ్ళోకి తిరిగే మలుపు, ఒకటి కూడలి. అంటే జనం రోడ్డును అడ్డంగా దాటే చోట్లు. అక్కడ అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు కట్టడానికి 2024లో పనులు మొదలుపెట్టారు. ఈ రోజు మనం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నది ఆ పనుల వల్లనే. పని జరగాలని మనమూ కోరుతున్నాం. కానీ ఒక్కటి ఆలోచించండి. నాలుగు వరుసలు వేసిన నాడే ఈ దారులు నక్షలో ఉంటే, పన్నెండేండ్ల తర్వాత వేసిన రోడ్డునే తవ్వే అవసరం ఉండేదా? మధ్యలో పోయిన ప్రాణాలు పోయేవా?

ఇది నల్లగొండ బాధ ఒక్కటే కాదు. మహబూబ్‌నగర్ వైపు 44వ నంబరు రోడ్డుంది, అది పాత ఏడో నంబరు, బెంగళూరుకు పోయే రోడ్డు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలంలో పెద్దకుంట అని ఒక చిన్న లంబాడా తండా ఉంది. 2006 ప్రాంతంలో తండా పక్కనుంచి బైపాస్ వేశారు. తండా ఒక పక్కన మిగిలింది. పంచాయతీ, రేషన్, పింఛన్, కూలి పని అన్నీ అవతలి పక్కకు పోయాయి. పని కోసం, కాగితం కోసం రోడ్డు దాటుతూ తండా మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బండ్ల కింద పడి చనిపోయారు. ముప్పై మందికి పైగా అని పత్రికలు రాశాయి. దేశ విదేశాల విలేకరులు వచ్చి వితంతువుల తండా అని పేరు పెట్టి పోయారు. వాళ్ళు రోడ్డు కావాలని అడగలేదు, వద్దని కూడా అనలేదు. దాటడానికి ఒక దారి దొరకలేదు, అంతే. పెద్దకుంటను మనం మరిచిపోతే రేపు మన ఊరి పేరు కూడా అట్లనే పత్రికల్లోకి ఎక్కుతుంది.

ఇప్పుడు విజయవాడ రోడ్డును ఆరు వరుసలు చేస్తామంటున్నారు. నాలుగు వరుసలే దాటలేని ముసలవ్వ ఆరు వరుసలు ఎట్లా దాటుతుంది? కాబట్టి ఈసారి మన మాట ముందే చెప్పాలి. కంకర పరిచిన తర్వాత ధర్నాకు కూర్చుంటే మన గోస వినేవాడుండడు.

చట్టం ఏం చెబుతున్నదో కొంచెం ఓపికగా వినండి. జాతీయ రహదారుల భూసేకరణ 1956 చట్టం ప్రకారం జరుగుతుంది. 3ఏ నోటిఫికేషన్ వచ్చిందంటే మన భూమి కావాలని ప్రభుత్వం చెప్పినట్టు. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి తెలుగుది కావాలి. 3ఏ నోటిఫికేషన్ ప్రచురించిన నాటి నుంచి 21 రోజుల్లో 3సీ కింద అభ్యంతరం రాసివ్వవచ్చు, అధికారి మన మాట విని తీరాలి. 3డీ నోటిఫికేషన్ వస్తే మాత్రం భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోయినట్టే. అంటే మన చేతిలో గట్టిగా ఉండేది ఆ 21 రోజులే. మనం చాలాసార్లు ఆ రోజులను రేటెంత అనే ముచ్చటలోనే పోగొట్టుకుంటాం. చట్టం అక్కడ అడిగేది భూమి వాడకం మీద అభ్యంతరమే. అయినా ఏ సర్వే నంబరు దగ్గర బాట తెగుతున్నది, ఏ ఒర్రె మూసుకుపోతున్నది, ఎక్కడ అండర్‌పాస్ కావాలి అన్నది అదే కాగితంలో రాసి, రసీదు తీసుకోండి. కలెక్టరుకు ఒక కాపీ, హైవే అథారిటీ ప్రాజెక్టు డైరెక్టరుకు ఒక కాపీ పంపండి.

పరిహారం గురించి కూడా చెప్పాలి. 2015 జనవరి 1 నుంచి రహదారుల భూములకు కూడా 2013 భూసేకరణ చట్టం లెక్కలే వర్తిస్తున్నాయి. మార్కెట్ విలువకు పల్లెల్లో ఒకటి నుంచి రెండు దాకా గుణకం ఉంటుంది. చెట్లు, బోర్లు, కట్టడాల విలువ కలుపుతారు. దాని మీద నూరు శాతం సొలేషియం ఇస్తారు. ఇదంతా రోడ్డు కింద పోయే భూమికి. కానీ ఐదెకరాల తోట నడుమ నుంచి రోడ్డు పోతే, అవతల మిగిలిన ఎకరం ముక్క దేనికి పనికొస్తుంది? బోరు ఇటే ఉంటుంది, పైపులైను తెగుతుంది, ట్రాక్టరు పోదు. ఈ నష్టానికి కూడా చట్టంలో చోటుంది. 3జీ(7)లో భూమి ముక్కలైనందుకు, మిగతా ఆస్తికి, సంపాదనకు జరిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఉంది. అడిగిన వాళ్ళు తక్కువ కాబట్టి వచ్చిన వాళ్ళు తక్కువ. నిర్ణయించిన మొత్తం నచ్చకపోతే ఆర్బిట్రేటర్ దగ్గరికి పోవచ్చు.

నాలుగు వరుసలప్పుడు భూమి పోయినవాళ్ళు కూడా ఇక్కడున్నారు. అప్పుడు సొలేషియం, దాని మీద వడ్డీ ఇవ్వలేదు. అది తప్పని 2019లో తర్సెమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి కేసు ఏ దశలో ఉన్నదన్న దాన్ని బట్టి హక్కు ఉంటుంది. పాత అవార్డు కాగితాలు పారేయకుండా వకీలుకు చూపించండి.

ఇక బాట తర్వాత నీళ్ళు. మన మెట్ట ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టు. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండాలి. ఎత్తుగా కట్ట పోసి రోడ్డు వేసి, సన్న తూము ఒకటి పెడితే ఒక పక్క పొలం మునుగుతుంది, ఇంకో పక్క చెరువు ఎండుతుంది. ఎండాకాలంలో సర్వేకు వచ్చిన ఇంజనీరుకు ఒర్రె ఎండిపోయిన గుంతలాగే కనబడుతుంది. వానాకాలంలో అది ఎంత వెడల్పున పారుతుందో ఊరి పెద్దలకే తెలుసు. వాళ్ళను తీసుకుపోయి చూపించాలి, ఫోటోలు తీసి పెట్టాలి.

ఇప్పుడు నడుస్తున్న పనుల విషయానికి వద్దాం. పని జరిగే చోట ట్రాఫిక్‌ను ఎట్లా నడపాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్.పి. 55 అనే మార్గదర్శకంలో ఉంది. హెచ్చరిక బోర్డులు, రాత్రి మెరిసే గుర్తులు, జెండా పట్టుకున్న మనిషి, నడిచే వాళ్ళకు వేరుగా దారి. ఇవి కాంట్రాక్టరు దయతో ఇచ్చేవి కావు. మేము అడిగేవి నాలుగే. ఒకటి, మెయిన్ రోడ్డు మూసే ముందే సర్వీసు రోడ్డుకు తారు వేయాలి. రెండు, దుమ్ము లేవకుండా పొద్దున, సాయంత్రం నీళ్ళు కొట్టాలి. పూత మీదున్న పత్తి మీద, కాత మీదున్న బత్తాయి మీద దుమ్ము మందంగా పేరుకుంటే పంట దెబ్బతింటుంది. మూడు, వడ్లు కొనుగోలు కేంద్రాలకు వచ్చే నెలల్లో, వానాకాలం పంటకైనా యాసంగికైనా, దారి మళ్ళింపును మార్కెట్ కమిటీకి, గ్రామ పంచాయతీకి ముందుగా చెప్పాలి. లారీ ఒక రోజు ఆగితే వాన గండం కల్లంలో ఉన్న రైతుదే. నాలుగు, మొరం లారీలతో పాడైన ఊరి రోడ్లను పని ముగిసేలోగా బాగు చేయాలి.

మరి మనం చేయాల్సిన పని ఏమిటి? ప్రతి ఊరిలో బాట పట్టిక రాయండి. ఊరి నక్ష తీసుకుని ఏ బండ్లబాట, ఏ ఒర్రె, ఏ కాల్వ, ఏ పైపులైను రోడ్డును దాటుతున్నదో సర్వే నంబరుతో గుర్తించండి. బడికి పోయే పిల్లలు, మేతకు పోయే పశువులు, కూలికి పోయే ఆడవాళ్ళు ఎక్కడ దాటుతున్నారో వాళ్ళనే అడిగి రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. కౌలు రైతులను విడిచిపెట్టకండి, భూమి పోతే పటేలుకు పైసలు వస్తాయి, కౌలుదారుకు పనే పోతుంది. పాస్‌బుక్కులో తప్పులుంటే ఇప్పుడే భూభారతిలో దరఖాస్తు పెట్టుకోండి. హక్కు మీద తగాదా ఉంటే పరిహారం కోర్టుకు పోతుంది, మనం వాయిదాలకు పోతాం.

ప్రతి ఊరి పట్టిక సంఘం ఆఫీసుకు చేరాలి. అన్నీ కలిపి ఒకే వినతిపత్రంగా కలెక్టర్లకు, హైవే అథారిటీకి మనమే తీసుకుపోయి ఇద్దాం. ఒక ఊరు అడిగితే అర్జీ అవుతుంది, రోడ్డు పొడవునా ఉన్న ఊళ్ళన్నీ అడిగితే నక్ష మార్చక తప్పదు. రోడ్డు వేసుకోండి, మా పొలానికి మా బాట ఉంచండి. ఇదే మన డిమాండ్. వచ్చే నెల సంచిక నాటికి మీ ఊరి పట్టిక రాసి పంపండి.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!