సంఘం వేరు, గుంపు వేరు
(యానాంలో రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నలుగురితో కలిసి నడవమని ఊరూరా చెప్పే సంఘం, ఇవాళ 'గుడ్డిగా నలుగురి వెంట పోకండి' అంటే విడ్డూరంగానే ఉంటుంది. అందుకే ముందు ఒక మాట తేల్చుకుందాం. పదిమందీ కూర్చుని, లెక్క వేసుకుని, ఒక మాట మీదకు వస్తే అది సంఘం. పక్కవాడు చేశాడని మనమూ చేస్తే అది గుంపు.

రోజూ చేలో జరిగేదే చూడండి. పక్క చేలో స్ప్రేయర్ చప్పుడు వినపడితే చాలు, మందుల షాపుకు పరుగెడతాం. మన చేలో దోమ ఎంతుందో దుబ్బులు విడదీసి చూసేవాళ్లం ఎందరం? సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే సుడిదోమ తగ్గకపోగా పెరుగుతుంది. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందే చచ్చిపోతాయి. నాట్లప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు తగిలి దోమ ఉధృతి తగ్గుతుంది. 'ఊళ్లో ఎవరూ వదలట్లేదండీ' అనేది దానికి జవాబు కాదు.

మందు తప్పితే ఒక పంట పోతుంది. చెరువు తవ్వితే భూమే మారిపోతుంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య లాభాలు చూసి కోస్తా పొడవునా చెరువులు తవ్వారు. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. 2009లో వనామీకి అనుమతి రాగానే మళ్లీ అదే పరుగు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే, దెబ్బ మన చెరువు గట్టు మీద రైతుకు తగిలింది.

రొయ్య చెడ్డదని మనం అనడం లేదు. దానితో నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ దిగేముందు అడగాల్సినవి ఉన్నాయి. కౌలు, సీడు, మేత, కరెంటు కలిపి ఎంత? ఒక పంట పోతే ఆ అప్పు తీర్చగలమా? చెరువులో నీళ్లు ఎటు వదులుతాం? పక్క వరిచేను సంగతేమిటి? యానాం ఎక్కడ ముగుస్తుందో, ఆంధ్రా ఎక్కడ మొదలవుతుందో కాలువకు తెలియదు, ఉప్పుకూ తెలియదు. చుట్టూ చెరువులొస్తే మధ్యలో వరి రైతు ఇష్టం లేకపోయినా చేను చెరువుకే ఇవ్వాల్సి వస్తుంది. గుంపు పోయినచోట ఆలోచించినవాడికీ దారి మిగలదు. అందుకే ఆ మాట చెరువు తవ్వకముందే మాట్లాడాలి.

మరి సంఘం ఎలా ఉంటుంది? 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అది ఒకరిని చూసి ఒకరు మానేయడం కాదు. పెట్టుబడి ఎంత, మద్దతు ధర ఎంత, మురుగు కాలువలు పూడిపోతే నష్టం ఎంత అని మాట్లాడుకుని, డిమాండ్లు ముందుపెట్టి, చేలు బీడు పెట్టారు. దేశమంతా ఇటు చూసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయాల్సి వచ్చింది.

కాబట్టి దాళ్వా నాట్లకు ముందు ప్రతి ఊళ్లో ఒకసారి కూర్చుందాం. ఎవరి చేను లెక్క వాళ్లు కాగితం మీద రాసి తెచ్చుకుందాం. కాదన్నవాడి నోరు మూయించొద్దు, అతని లెక్క కూడా విందాం. సంఘం నాయకుడు చెప్పినా సరే, లెక్క అడగండి. అడిగి, ఒప్పుకుని వచ్చిన వంద మంది చాలు మనకు. ఎందుకొచ్చారో తెలియని వెయ్యి మంది అక్కర్లేదు.