వెబ్ పేజీ కూర్పులో దోషములు, వాని చికిత్స



ఉత్సవమునకు తోరణము కట్టినవారు దాని క్రిందుగా ఒక పొడగరిని నడిపించి చూచినగాని, అది తలకు తగులునో లేదో తెలియదు. వెబ్ పేజీ సంగతియు అట్టిదే. కార్యాలయమున పెద్ద తెరపై ముచ్చటగా నున్న పేజీ, గ్రామమున ఒక వృద్ధురాలి చేతిఫోనులో చిందరవందరగా కనబడవచ్చును. ఆమె కుటుంబ పింఛనుకై దరఖాస్తు నింపుచున్నదనుకొందము. అన్ని గళ్లును నింపినది. కాని 'సమర్పించు' అను మీట తెర అంచు దాటి కుడివైపునకు పోయినది. ఆమెకది కనబడదు. గడువు గడచిపోవును. దోషము పేజీది, నష్టము ఆమెది.

1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున వెబ్‌ను ప్రతిపాదించెను. పేజీ రూపమును శాసించు సి.ఎస్.ఎస్. అను పద్ధతిని 1994లో హోకన్ వియుమ్ లీ ప్రతిపాదింపగా, 1996 డిసెంబరులో అది ప్రమాణముగా వెలువడినది. విషయము ఒకచోట, రూపనియమములు వేరొకచోట నుండుట దాని మూలసూత్రము. చేతిఫోనులు ప్రబలిన పిమ్మట, 2010లో ఈతన్ మార్కాట్ తెర వెడల్పునుబట్టి ఒదిగిపోవు కూర్పును వివరించి, దానికి 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరిడెను. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శక సూత్రములు 2009లో తొలిసారి వెలువడినవి. ఇన్ని యున్నను కొన్ని దోషములు మరల మరల కనబడుచునే యున్నవి.

మొదటిది వ్యూపోర్ట్ ఆదేశమును మరచుట. అది లేనిచో ఫోను తన తెర సుమారు 980 పిక్సెళ్ల వెడల్పు కలదని భావించి, పేజీనంతయు కుదించి చూపును, అక్షరములు ఆవగింజలగును. పేజీ శీర్షభాగమున, వెడల్పు పరికరపు వెడల్పునకు సమానమని ఒక్క పంక్తి వ్రాసిన చాలును.

రెండవది మార్పులేని కొలతలు. 960 పిక్సెళ్లని నిర్ణయించిన పెట్టె చిన్న తెరలో ఇముడదు. చిత్రములకు, పెట్టెలకు గరిష్ఠపు వెడల్పు నూటికి నూరు పాళ్లని నియమింపవలెను. 320 పిక్సెళ్ల వెడల్పులో సైతము అడ్డముగా జరుపకుండ పేజీని చదువగలుగవలెనని 2018 నాటి అంతర్జాతీయ సౌలభ్య సూత్రములు చెప్పుచున్నవి.

మూడవది లెక్కలో పొరపాటు. గది కొలత చెప్పినప్పుడు గోడల మందము చేరినదా లేదా యని అడుగుదుము గదా! పెట్టె వెడల్పు 300, లోపలి ఖాళీ ఇరుప్రక్కల 20 చొప్పున 40, అంచుగీతలు రెండు. మొత్తము 342. ఇట్టి పెట్టెలు రెండు 600 వెడల్పుగల చోట ప్రక్కప్రక్కన పట్టవు. రెండవది క్రిందికి జారును. 'బార్డర్-బాక్స్' అను నియమము పెట్టినచో అన్నియు ఆ 300 లోనే యిముడును.

నాలుగవది తెనుగువారికి ప్రత్యేకమైనది. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవు పంక్తి యెడము తెలుగునకు చాలదు. 'స్త్రీ' వంటి పదములలో పైన గుడిదీర్ఘము, క్రింద వత్తు ఉండును. ఇరుకైన పంక్తులలో పై వరుస వత్తులు క్రింది వరుస గుడులతో ఢీకొనును. ఎత్తు బిగించిన పెట్టెలలో వత్తులు తెగిపోవును. పంక్తి యెడమును అక్షర ప్రమాణమునకు ఒకటిన్నర రెట్లకు తగ్గనీయక, పెట్టెకు కనీసపు టెత్తు మాత్రమే చెప్పవలెను. 'కేంద్రప్రభుత్వోద్యోగులు' వంటి దీర్ఘసమాసములు అంచు దాటకుండ, అవసరమైనచోట పదమును విరుచుటకు అనుమతి నీయవలెను.

ఇక దోషమును పట్టు విధము. ఫైలులో పొరపాటు వచ్చినప్పుడు, అది ఏ పుటలో మొదలైనదో చూడకయే కొత్త ఉత్తరువు వ్రాయరు. ఇక్కడను అంతే. ముందు తెరను మెల్లగా ఇరుకు చేయుచు, కూర్పు ఏ వెడల్పున చెడునో గుర్తింపవలెను. పిమ్మట బ్రౌజరులోని పరిశీలన సాధనమును తెరచి, పెట్టెలన్నిటికి రంగుగీతలు పెట్టిన, అంచు దాటినది బయటపడును. దాని నియమములను ఒక్కొక్కటిగా తీసి చూడవలెను. ఒకేసారి నాలుగు మార్చినచో ఏది నయముచేసినదో తెలియదు. చివరకు నిజమైన ఫోనులో, నిజమైన తెలుగు పాఠముతో పరీక్షింపవలెను.

తొందరపాటున కొందరు, అంచు దాటిన భాగమును కనబడకుండ చేయు నియమమును పెట్టి చేతులు దులుపుకొందురు. అడ్డముగా జరుగుట ఆగును. పేజీ చక్కబడినట్లు తోచును. కాని ఆ వృద్ధురాలు కుడివైపునకు జరిపి చూచిన పూర్వము మీట దొరకెడిది; ఇప్పుడాదారియు మూసుకొనిపోయినది. దోషమును దాచుట చికిత్స కాదు. ఆ మీట ఆమె వ్రేలికి అందిననాడే పేజీ పూర్తియైనట్లు.