రశీదులో 8 పైసలు



కథకులు కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) స్మృతిలో మాట్లాడమంటే ఆయన కథల మీద మాట్లాడతానని అనుకునే వచ్చుంటారు. కథల గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ హాల్లోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు. నేను ఇంటి పన్ను రశీదు గురించి మాట్లాడతాను.

ఇదిగో, మా ఇంటి రశీదే తెచ్చాను. మడతల దగ్గర చిరిగింది, ఏమనుకోకండి. పైన ఇంటి పన్ను. కిందకొస్తే చిన్న అంకె ఒకటుంది, గ్రంథాలయ పన్ను. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టేవాడు దానిమీద మరో 80 రూపాయలు గ్రంథాలయం కోసం కడుతున్నాడన్నమాట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంతిల్లున్న ప్రతివాడూ, జన్మలో గ్రంథాలయం గుమ్మం తొక్కనివాడు సైతం, ఈ పైసలు కడుతున్నాడు. కడుతున్నట్టు చాలామందికి తెలీదు, అంతే.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటిది. వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. వసూలయ్యాక ఆ సొమ్ము వాళ్లది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థది. కొత్త పుస్తకాలు, పేపర్లు, అద్దె, బల్లలు, ఫ్యాను రిపేరు, వీటన్నిటికీ పెద్ద దిక్కు ఈ పన్నే. ఇంగ్లండులో 1850 చట్టం పౌండుకు అరపెన్నీ పన్నుతో పట్టణ గ్రంథాలయాలకు దారి వేసింది. మనవాళ్లు అంతకంటే ఒక మెట్టు పైకి వెళ్లి పల్లెనూ ఇందులో కలిపారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి, ఊరూరా తిరిగి, తర్వాత రోజుల్లో పడవ మీద కూడా పుస్తకాలు పంపిన జాతి కదా మనది!

మరి ఆ పైసలు ఎక్కడికి పోతున్నాయి? చాలాచోట్ల మధ్యదారిలో ఆగిపోతున్నాయి. పన్ను వసూలవుతుంది, జనరల్ ఫండులో కలుస్తుంది, కాలవ పూడికకో వీధి దీపానికో ఖర్చయిపోతుంది. గ్రంథాలయ సంస్థ ఉత్తరం రాస్తుంది. జవాబు రాదు. మళ్లీ రాస్తుంది. ఆ ఫైలు మీద ఉండే మాట ‘బకాయి’. నేను ఇవాళ చెప్పదలచుకున్నదల్లా ఈ ఒక్క మాట గురించే. దాని అసలు పేరు కోత. ఇంగ్లండులో 2010 తర్వాత స్థానిక కౌన్సిళ్లు పొదుపు పేరుతో వందల గ్రంథాలయాలు మూసేశాయి. అన్యాయమే. కానీ అక్కడ ముందు ప్రతిపాదన పెట్టారు, నోటీసు అంటించారు, జనం మీటింగుల్లో అరిచారు, కొన్నిచోట్ల కోర్టుకెళ్లారు. మన దగ్గర ఏ బడ్జెట్టులోనూ ‘గ్రంథాలయానికి కోత’ అన్న వాక్యం ఉండదు. లేని వాక్యం మీద ఎవడు అరుస్తాడు? ముందు ఒక పేపరు ఆగుతుంది. తర్వాత వారపత్రికలు. ఆ తర్వాత రిటైరైన లైబ్రేరియన్ కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది, పక్క ఊరివాడు వారానికి మూడు రోజులొచ్చి తాళం తీస్తాడు.

సర్పంచులను దొంగలని అనడం నా ఉద్దేశం కాదు. వాళ్ల అవస్థ కళ్లారా చూశాను. కేంద్రం 15వ ఆర్థిక సంఘం డబ్బిచ్చినప్పుడు అందులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే కట్టేసి ఇచ్చింది. మన రాష్ట్రంలో 2021లో ఆర్థిక సంఘం సొమ్ము కరెంటు బకాయిల కింద పోయిందని సర్పంచులు రోడ్డెక్కారు. పైవాడు కిందవాడి ఖాతాలో చెయ్యి పెడితే, కిందవాడు తనకంటే నోరు లేనివాడి ఖాతాలో పెడతాడు. ఆ వరసలో ఆఖరున ఉండేది గ్రంథాలయం.

నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో, పేరెందుకులెండి, పోయిన వేసవిలో పది రోజులు గ్రంథాలయంలో కూర్చున్నాను. ఎనిమిదింటికి తలుపు తీస్తే ఏడున్నరకే అరుగు మీద సంచులు వరసగా ఉండేవి. సంచి ఉంటే ఫ్యాను కింద చోటు ఖాయం. రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది మరి. డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలు. పుస్తకాలు వాళ్లవే, నీళ్ల సీసా వాళ్లదే. బీరువా జోలికి ఎవరూ వెళ్లరు, అందులోని కరెంట్ అఫైర్స్ ఎప్పటివో. ఒక కుర్రాణ్ని అడిగాను, ఇంటి దగ్గర చదువుకోవచ్చు కదా అని. “ఇంటికాడ జాగా ఏటుందండి? అమ్మా నాన్నా పనికి ఐద్రాబాదు ఎల్పోనారు. ఒకటే గది, అందులో తాతా, నానూ, ఇద్దరు సెల్లెళ్లూ” అన్నాడు. ఆ గదికీ ఇంటి పన్ను ఉంది. అందులో 8 పైసల లెక్కా ఉంది.

గ్రంథాలయానికేం, కథానిలయం ఉందిగా అంటారు కొందరు. మాస్టారు అవార్డు సొమ్ములూ సొంత డబ్బూ పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో దాన్ని నిలబెట్టారు. తెలుగు కథ మొత్తానికి అది ఇల్లు. కానీ ఒక రిటైరైన బడిపంతులు చేసిన త్యాగాన్ని చూపించి, చట్టం ప్రకారం ఇవ్వాల్సింది ఎగ్గొట్టడం కుదరదు. దానం వేరు, బాకీ వేరు.

బాకీ అంటే మాస్టారి ‘యజ్ఞం’ గుర్తు రాకుండా ఉండదు. 1964లో ‘యువ’లో అచ్చయిన ఆ కథలో అప్పల్రాముడు తీర్చాల్సిన అప్పు కోసం సుందరపాలెం ఊరంతా కదిలివస్తుంది, పెద్దలు కూర్చుంటారు, శ్రీరాములునాయుడు ధర్మాధర్మాలు విప్పి చెబుతాడు. పేదవాడి బాకీ కనక ఊరికి అంత తీరిక దొరికింది. ఇప్పుడు బాకీ పడ్డది పంచాయతీ ఆఫీసే. దానిమీద పంచాయితీ పెట్టడానికి ఏ రావిచెట్టు కిందా ఎవరూ చేరడం లేదు.

ఇవాళ ఇంటికెళ్లి మీ రశీదు తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఉన్న చోట గీత గీయండి. వచ్చే గ్రామసభకు దాన్ని పట్టుకెళ్లి, ఈ పైసలు ఏ తేదీన జిల్లా సంస్థకు జమ చేశారో చెప్పమని అడగండి. నోటిమాటగా కాదు, తీర్మానం పుస్తకంలో రాయించండి.